డిప్రెషన్‌కి పసుపు, అశ్వగంధ: డాక్టర్ ముందు సంచి విప్పాక

మా వైపు జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. మనసు బాగోలేదంటే మాత్రం మందు చుట్టాలే చెప్పేస్తారు. నాకున్నది డిప్రెషన్ అని తేలకముందే మా ఇంట్లో రకరకాల మందులు చేరిపోయాయి. అన్నీ మొక్కలవే, అన్నీ ప్రేమతో ఇచ్చినవే. వాటిలో ఏది ఎంతవరకు నిజమో తెలుసుకునే అవకాశం నాకు అనుకోకుండా దొరికింది. ఇలాంటి సంచే ఇంకో ఇంట్లోనూ ఉండే ఉంటుందని రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర పల్లెటూరు. వనామీ రొయ్యల సాగు. కొన్ని చెరువులు సొంతం, కొన్ని లీజు. వైట్ స్పాట్ తెగులు కొట్టి, రొయ్య అమ్మే సైజుకి రాకుండానే పట్టుబడి చేసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత వేసిన రొయ్యపిల్లలు కూడా నిలవలేదు. లీజు డబ్బులు, మేత డీలర్ బాకీ, కరెంటు బిల్లు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. రొయ్యల సాగులో నష్టం కొత్తేమీ కాదు, మా నాన్న హయాంలో టైగర్ రొయ్య కూడా ఇలాగే ముంచింది. కానీ ఈసారి నష్టం నా ఒంట్లోకి దిగింది. తెల్లవారుజామున మూడింటికి చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోయిందేమో అన్నట్టు దిగ్గున మెలకువ వచ్చేది. చెరువులో అసలు రొయ్యే లేదని గుర్తొచ్చాక ఇక నిద్ర పట్టేది కాదు. పగలంతా గట్టు మీద షెడ్డులో మంచం వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరైనా పలకరిస్తే విసుగు. భీమవరంలో మేనకోడలి పెళ్ళిలో విస్తట్లో పూతరేకు వేశారు. ఆత్రేయపురం నుంచి తెప్పించినవి. పూతరేకంటే ప్రాణం పెట్టే మనిషిని, ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని మిగతాది ఆకులోనే వదిలేశాను. పక్కన కూర్చున్న మా పెద్ద బావ అది చూశాడు. "ఏరా బావా, నీ ఒంట్లో ఏదో తేడాగా ఉంది" అన్నాడు. మందుల రాక అక్కణ్ణుంచే మొదలైంది.

పెద్ద బావ అశ్వగంధ క్యాప్సూల్స్ తెచ్చాడు, దాంతో పాటు పాలల్లో కలుపుకోమని పొడి కూడా. పిన్ని కాలవ గట్టు మీద సరస్వతి ఆకు కోసుకొచ్చి పచ్చడి చేసి పంపింది. తమ్ముడి తోడల్లుడు పసుపు సారం క్యాప్సూల్స్ ఇచ్చాడు, డబ్బా మీద మిరియాల సారం కూడా కలిసి ఉందని రాసుంది. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు ఎవరో వస్తుంటే సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఒక డబ్బా పంపించాడు. "అక్కడ చీటీ లేకుండానే అమ్ముతారు మావయ్యా, మొక్కదే, భయం లేదు" అన్నాడు ఫోన్‌లో. నేను వాడింది పసుపు క్యాప్సూల్, అశ్వగంధ పాలు. అమెరికా డబ్బా మూత తీసేలోగానే మా ఆవిడ భీమవరంలో సైకియాట్రిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. వెళ్ళేటప్పుడు ఇవన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని బయల్దేరింది. "ఆవిడ ఏం వాడుతున్నారని అడిగితే నువ్వు సగం చెప్తావు, సగం మర్చిపోతావు" అని.

డాక్టర్ మేడం ముందు సంచి జోలికి పోలేదు. ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, నీరసం, ధ్యాస ఇలా ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం ఇరవై ఏడుకి లెక్క. పది దాటితే ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నట్టు అనుకుని లోతుగా చూస్తారట. నాది పది దాటింది. తొమ్మిదో ప్రశ్న బతకాలని లేదన్న ఆలోచన గురించి. దాని దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. ఆవిడ గమనించారు. తొందరపెట్టకుండా అడగాల్సినవన్నీ అడిగి, మా ఆవిడతో "అమ్మా, చెరువు షెడ్డులో మందులు, పురుగుమందు డబ్బాలు ఏమైనా ఉంటే తాళం మీ దగ్గర పెట్టుకోండి" అన్నారు. ఆ సాయంత్రమే తాళంచెవి మా ఆవిడ నల్లపూసల గొలుసుకి చేరింది. 14416కి ఫోన్ చేస్తే ఏ రాత్రయినా తెలుగులో మాట్లాడతారని కూడా చెప్పారు. టెలీ మానస్ అంటారు, 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. ఈ నంబరు రైతులందరి ఫోన్లలో ఉండాలి, మేత డీలర్ నంబరు పక్కనే.

తర్వాత రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్, బీ12, షుగర్, లివర్. థైరాయిడ్ తగ్గినా మనిషి ఇలాగే మందకొడిగా అయిపోతాడట. నాకు లివర్ పరీక్ష ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఇక సంచి. ఆవిడ నవ్వుతారేమో, విసుక్కుంటారేమో అనుకున్నా. అలాంటిదేమీ లేదు. ఒక్కోటీ బయటికి తీసి, డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివారు.

పచ్చడి సీసాతో పేచీ లేదన్నారు. "హాయిగా తినండి. కాకపోతే వరిచేల గట్టు మీది ఆకైతే మందు కొట్టిన రోజుల్లో కోయకండి." పిన్నికి ఈ మాట చెప్తే "నాకు తెలీదేంటి" అంది.

అశ్వగంధ దగ్గర చాలాసేపు ఆగారు. దీని వేరులో ఉండే విథనోలైడ్లు అనే పదార్థాల మీద మన దేశంలో మంచి పరిశోధనే జరిగిందట. 2012లో అచ్చయిన ఒక పరిశోధన మన హైదరాబాద్‌లోనే చేశారు. 64 మందిని తీసుకుని సగం మందికి 300 మిల్లీగ్రాముల వేరు సారం రోజుకి రెండుసార్లు 60 రోజులు ఇచ్చారు, మిగతా సగానికి మందు లేని ఉత్తి మాత్ర. సారం వాడినవాళ్ళలో ఒత్తిడి మార్కులు తగ్గాయి. కార్టిసాల్ అనే హార్మోన్ కూడా నాలుగో వంతు పైగా తగ్గింది. నేను వెంటనే "అయితే ఇది పనిచేస్తుందన్నమాటేగా" అన్నాను. "ఒత్తిడికి పనిచేసేలా ఉంది. ఆ 64 మంది చాలాకాలంగా ఒత్తిడిలో ఉన్నవాళ్ళు, డిప్రెషన్ రోగులు కాదు. మీరు ఆ గీత దాటి వచ్చేశారు" అన్నారు.

ఆ గీత సంగతి కాస్త వివరంగా చెప్పమన్నాను. ఒత్తిడి తగిలినప్పుడు మెదడు కబురు పంపితే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ వదులుతాయి. మామూలుగా అది పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. ఇక చాలు అని దాన్ని ఆపే పని చేసేది కూడా మెదడే, ముఖ్యంగా జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్ అనే భాగం. నెలల తరబడి ఒత్తిడి ఉంటే ఆ ఆపే శక్తే దెబ్బతింటుంది. కణాలను బతికించి కొత్త కొమ్మలు వేయించే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ తగ్గుతుంది. అందరి డిప్రెషనూ ఇదే దారిలో రాదు గానీ, ఒత్తిడి వల్ల వచ్చేదానికి ఇది ఒక ముఖ్యమైన దారి. మొక్కల పదార్థాల మీద పరిశోధనలు ఎక్కువగా ఈ చోటే తిరుగుతున్నాయట.

అంతలో ఆవిడ మా ఆవిడ వైపు తిరిగి "మీరేమైనా మందులు వాడుతున్నారామ్మా?" అన్నారు. తనకి థైరాయిడ్ మాత్ర ఉంది. రాత్రిపూట నాతో పాటు తనూ అవే అశ్వగంధ పాలు తాగుతోంది, ఇద్దరికీ మంచిదని బావ చెప్పాడుగా మరి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, మాత్ర మోతాదు లెక్క తప్పిపోతుంది. అందుకని తన పాలు ఆ రోజే ఆగిపోయాయి. ఇంకో మాట, వాడేది ఎప్పుడైనా అశ్వగంధ వేరు నుంచి తీసిందే అయ్యుండాలి. ఆకుల సారం వాడొద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ కంపెనీలకు సలహా జారీ చేసింది. డబ్బా మీద వేరు అని స్పష్టంగా లేకపోతే కొనకూడదని నేను అప్పట్నుంచీ అందరికీ చెప్తున్నా.

పసుపు క్యాప్సూల్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆవిడ నన్ను ఒక లెక్క వేయమన్నారు. పసుపులో కుర్కుమిన్ సుమారు మూడు శాతం. పరిశోధనల్లో రోజుకి ఒక గ్రాము కుర్కుమిన్ ఇస్తారు. అంటే ఎంత పసుపు? ముప్పై గ్రాములు పైనే. చెంచాల్లో పదికి తక్కువ కాదు. మా ఇంట్లో పులుసులోకి వేసేది చిటికెడు. పాలల్లో పసుపు వేసుకుని తాగితే డిప్రెషన్ పోతుందన్న మాట ఆ లెక్కతోనే తేలిపోయింది. అందుకే సారం తీసి క్యాప్సూల్ చేస్తారు. ఆ సారం కూడా రక్తంలోకి చాలా తక్కువ ఎక్కుతుంది, లివర్ దాన్ని వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఇస్తే రక్తంలో కుర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగిందని చూపించారు. అప్పట్నుంచీ ఇలాంటి డబ్బాల్లో మిరియాల సారం కలపడం రివాజయింది. పైపెరిన్ చేసే పని కాలవ లాకు తలుపులు ఎత్తేయడం లాంటిది. మనకి కావలసిన నీరొక్కటే దిగదు, వెనక నిలబడ్డదంతా దిగుతుంది. మనం వేసుకునే వేరే మాత్రల మోతాదు కూడా రక్తంలో పెరిగిపోవచ్చు.

డిప్రెషన్ మీద కుర్కుమిన్ పరిశోధన మన దేశంలోనే జరిగింది, గుజరాత్‌లో భావ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో. 2014లో అచ్చయింది. 60 మంది రోగులు, మూడు జట్లు: ఒక జట్టుకి ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర, ఒక జట్టుకి 1000 మిల్లీగ్రాముల కుర్కుమిన్, ఒక జట్టుకి రెండూ. ఆరు వారాల తర్వాత మూడు జట్లూ మెరుగయ్యాయి. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్ని పట్టుకుని ఫోన్లలో వచ్చే సందేశాల్లో "పసుపు ఇంగ్లీషు మందుతో సమానం" అని రాస్తారు. ఉత్తి మాత్ర ఇచ్చిన జట్టు అందులో లేదన్న సంగతి మాత్రం రాయరు. డిప్రెషన్ పరిశోధనల్లో ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ మూడో వంతు దాకా మెరుగుపడతారు. అడిగేవాళ్ళున్నారని, కనిపెట్టుకునే మనిషి ఉన్నాడని, కాలం గడిచిందని, కారణాలు చాలా ఉంటాయి. ఆ జట్టు లేకుండా మెరుగుదలలో పసుపు వాటా ఎంతో చెప్పలేం. ఆశ పెట్టుకోదగ్గ పరిశోధనే, తీర్పు మాత్రం కాదు.

అమెరికా డబ్బాని ఆవిడ సంచిలో పెట్టలేదు. పక్కన పెట్టి "ఇది నా దగ్గరే ఉంచుతాను" అన్నారు. నాకు నవ్వొచ్చింది, అంత ప్రమాదమా అని. తమాషా ఏమిటంటే వీటన్నిటిలో డిప్రెషన్‌కి గట్టి సాక్ష్యం ఉన్నది దీనికే. జర్మనీలో డాక్టర్లు చీటీ మీదే రాస్తారు. 2008లో వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 29 పరిశోధనలను, 5,489 మంది రోగులను కలిపి చూస్తే ఉత్తి మాత్ర కన్నా మెరుగ్గా, మామూలు డిప్రెషన్ మందులకు దీటుగా పనిచేసిందని తేలింది. అంత పనిచేసేదాన్ని ఎందుకు లాక్కున్నారంటే, పనిచేస్తుంది గనకే. నాకు రాయబోయేది ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర. రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే. కలిసి వేసుకుంటే ఒళ్ళు వణుకు, చెమటలు, గుండె దడ, జ్వరం, ఒక్కోసారి ప్రాణం మీదకి వస్తుంది. పైగా ఆ అమెరికా మొక్క మందులోని హైపర్‌ఫోరిన్ అనే పదార్థం లివర్‌ని ఉరకలెత్తించి వేరే మందులను ముందే ఖర్చు చేయించేస్తుంది. రక్తం పలచబడే మందులు, గర్భనిరోధక మాత్రలు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే మందులు, వీటి పని చెడిపోతుంది. మేనల్లుడికి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. వాడు పాపం "నాకు తెలీదు మావయ్యా, అక్కడ విటమిన్ల పక్కనే పెడతారు" అన్నాడు.

మొక్కదైతే మనసుకి చెడు చేయదన్న నమ్మకం మీద ఆవిడ చెప్పిన ఇంకో కథ ఉంది. సర్పగంధ. మన వైద్యంలో ఎప్పట్నుంచో ఉన్న వేరు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు దీని గురించి రాశారు, 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బీపీకి పనిచేస్తుందని ఇంగ్లండ్ పత్రికలో అచ్చువేయించాడు. 1952లో దాన్నుంచి రెసర్పిన్ అనే మందు పదార్థాన్ని విడదీశారు. ప్రపంచమంతా బీపీకి వాడింది. కొన్నాళ్ళకి వాడినవాళ్ళలో కొందరు దిగులులో పడుతున్నారని డాక్టర్లు రాయడం మొదలెట్టారు. మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు తరిగిపోతే డిప్రెషన్ వస్తుందన్న సిద్ధాంతానికి ఒక పునాది ఈ మొక్కే. రెసర్పిన్ అంత నేరం చేసిందా అని తర్వాత వచ్చిన సమీక్షలు సందేహించాయి కూడా. ఏదైనా, ఇవాళ మనం వాడే మాత్రల వెనక ఆలోచన సగం మన అడవుల్లోని వేరు నుంచే వచ్చిందంటే నాకు భలే అనిపించింది.

రక్తపరీక్షల్లో థైరాయిడ్ బాగానే ఉంది. లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీపీటీ మాత్రం ఉండాల్సిన దానికన్నా ఎక్కువుంది. ఆవిడ క్యాప్సూల్స్ అన్నీ ఆపమన్నారు. పసుపు సారం మిరియంతో కలిసినవాటి వల్ల కొందరికి లివర్ దెబ్బతినడం అమెరికాలో నమోదైందట, అశ్వగంధతోనూ అలాంటి కేసులున్నాయి. "మీకు పెరిగింది దానివల్లేనని చెప్పను. కొవ్వు వల్ల కావచ్చు. ఆపి చూద్దాం" అన్నారు. మళ్ళీ చేయిస్తే దిగింది. కారణం ఏదన్నది ఇప్పటికీ తేలలేదు, తేల్చాలని నేను మళ్ళీ వేసుకోలేదు.

ఎస్సిటాలోప్రామ్ ఐదు మిల్లీగ్రాములతో మొదలెట్టి పదికి పెంచారు. మొదటి రోజుల్లో కడుపులో తిప్పింది, ఆవలింతలు. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి మానేయలేదు. మాత్రతో పాటు అక్కడే ఒక సైకాలజిస్ట్‌తో మాట్లాడించారు. రోజుకి ఒక చిన్న పని ముందే రాసిపెట్టుకుని చేయడం, మధ్యాహ్నం మంచం ఎక్కకపోవడం లాంటివి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మొదట్లో గట్టు చివరిదాకా నడిచి రావడమే పెద్ద పని.

ధ్యాస కుదురుకున్నాక చదవడం మళ్ళీ అలవాటైంది. ఈ మొక్కల పరిశోధనలు ఎలా చేస్తారో చూద్దామని వెతికితే ఎక్కువ శాతం ఎలుకల మీదే. ఎలుకకి ఒత్తిడి పెట్టే పద్ధతి చదివి నోరెళ్ళబెట్టాను. బోను వంచేస్తారు. పడుకునే పొట్టు తడిపేస్తారు. రాత్రంతా లైటు ఆర్పరు. ఒకరోజు మేత, ఒకరోజు నీళ్ళు ఆపేస్తారు. ఏది ఎప్పుడో తెలియకుండా వారాల తరబడి. అచ్చం మా చెరువు కాపలాయే. ఆ తర్వాత రెండు సీసాలు పెడతారు, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో పంచదార నీళ్ళు. మామూలు ఎలుక తీపి వైపే పోతుంది. కుంగిపోయిన ఎలుకకి తీపి మీద ఆ యావ తగ్గిపోతుంది. మొక్క పదార్థం ఇచ్చాక మళ్ళీ తీపి సీసా దగ్గరికి పోతే పనిచేసినట్టు. పెళ్ళిలో పూతరేకు వదిలేసింది గుర్తొచ్చి, ఈ పరీక్షని నేను కొట్టిపారేయలేకపోయాను.

కానీ ఎలుకలో పనిచేసినవి మనిషి దాకా వచ్చేసరికి చాలామటుకు రాలిపోతాయి. మోతాదు, రక్తంలోకి ఎక్కడం, మెదడులోకి చేరడం, అన్నీ అడ్డాలే. తవుడులో ఉండే ఫెరులిక్ యాసిడ్ కూడా ఎలుకల దిగులు తగ్గించిందని చదివాను. కైకలూరు వైపు చేపల చెరువుల్లో తవుడు సంచులకి చిల్లులు పెట్టి కర్రలకి వేలాడదీస్తారు. ఆ లెక్కన మన జిల్లాల్లో దిగులు లేని ప్రాణులంటూ ఉంటే అవి బొచ్చె చేపలే.

ఇంగ్లీషు మాత్రలతో పాటు ఆయుర్వేదం చూపించుకోవచ్చా అని అడిగితే మేడం వద్దనలేదు. చదువుకున్న డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, ఒకరు రాసిన చీటీ ఇంకొకరికి చూపించండి అన్నారు. పాలకొల్లులో ఒక ఆయుర్వేద డాక్టర్‌గారిని కలిశాను. ఆయన మాత్ర ఆపమని అనకపోవడం నాకు నచ్చింది. అశ్వగంధ చూర్ణానికి పాత లెక్క రోజుకి మూడు నుంచి ఆరు గ్రాములనీ, క్యాప్సూల్‌లో ఉండే చిక్కటి సారానికీ చూర్ణానికీ మోతాదు పోలిక లేదనీ ఆయనే చెప్పారు. లివర్ కుదుటపడేదాకా ఏదీ ఇవ్వనన్నారు. నిద్రకి తల మీద నూనె, రాత్రి భోజనం తొందరగా. రెండోది మా ఇంట్లో ఇప్పటికీ కుదరలేదు.

బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు మాత్ర కొనసాగించాలన్నారు, ఆ గడువు అయింది. ఇప్పుడు మోతాదు సగానికి తగ్గించారు. ఒక్కసారిగా ఆపితే కళ్ళు తిరగడం, చిరాకు వస్తాయట. మాత్ర పూర్తిగా ఆగాక ఒత్తిడికి అశ్వగంధ వాడనా అని మొన్న అడిగాను. వేరు సారమే, ముందూ తర్వాతా లివర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, కొద్దినెలలకు మించకుండా అయితే ఆలోచిద్దాం అన్నారు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ పూటే ఆపి రావాలి. పెద్ద బావకి ఇది చెప్తే "మొదట్నుంచీ నేను చెప్తున్నదేగా" అన్నాడు. పరీక్షల సంగతి వినిపించుకున్నట్టు లేదు, వాళ్ళమ్మగారికి గుండె ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మాత్ర ఉంది, ఆవిడకి పసుపు క్యాప్సూల్ ఇస్తున్నాడు. డబ్బా ఫోటో తీసి ఆవిడ గుండె డాక్టర్‌కి ఇవాళే చూపించమని గట్టిగా చెప్పాను. రాత్రి మళ్ళీ ఫోన్ చేసి కనుక్కోవాలి.